తొడ చర్మం తీయకుండా కుదరదా?

ప్రశ్న: మాది ఐరాల దగ్గర పల్లె. బెల్లం వండేచోట మా ఆయన కుడి అరచేతి వెనకవైపు పాకం పడి మూడు వారాలు దాటింది. మొదట ఆకుపసరు కట్టాం. తర్వాత చిత్తూరులో కొలాజెన్ షీట్ వేశారు. అది ఊడిపోయింది, పుండు మాత్రం మానలేదు. ఇప్పుడు తొడ చర్మం తీసి చేతికి వేయాలంటున్నారు. ఆయనకు షుగర్ ఉంది, తొడ కూడా పుండు పడుతుందేమోనని భయపడుతున్నాడు. నా చర్మం తీసుకోమంటే డాక్టర్ వద్దన్నారు. కృత్రిమ చర్మం వేస్తే సరిపోదా?
- ఒక సోదరి, చిత్తూరు జిల్లా

జవాబు: అమ్మా, మీ డాక్టర్ సరిగానే చెప్పారు. ఇంక ఆలస్యం చేయకండి. పాకం మరిగే నీళ్లకన్నా వేడిగా ఉంటుంది, పైగా ఒంటికి అంటుకుపోతుంది. అందుకే లోతుగా కాలుతుంది. మూడు వారాలకూ మానని ఇలాంటి గాయాన్ని దానంతటదే మానుతుందిలే అని వదిలేస్తే, మానే క్రమంలో చర్మం ముడుచుకుని వేళ్లను వెనక్కి లాగేస్తుంది. పిడికిలి బిగించలేని చేత్తో ఆయన ఏ పని చేయగలడు?

భర్తకు చర్మం ఇస్తానన్న మీ మనసుకు దండం పెట్టాలి. కానీ ఆయన ఒళ్లు దాన్ని పరాయిదిగా గుర్తుపట్టి, రెండు మూడు వారాల్లో వదిలించేసుకుంటుంది. ఒకే పోలికతో పుట్టిన కవలల మధ్య తప్ప ఇది నిలవదు. చనిపోయినవారి నుంచి సేకరించి స్కిన్ బ్యాంకులో దాచే చర్మం కూడా తాత్కాలికమే. ఒళ్లంతా కాలి, సొంత చర్మం చాలనివారి ప్రాణం నిలబెట్టడానికి దాన్ని వాడతాం.

కొలాజెన్ షీట్ అంటే పశువుల నుంచో చేపల నుంచో తీసిన ప్రోటీన్ పొర. పైపైన కాలితే అది మంట తగ్గిస్తుంది, కింద కొత్త చర్మం రాగానే ఊడిపోతుంది. మీ ఆయనకు కింద చర్మం పుట్టే మూలమే కాలిపోయింది కాబట్టి అది పనిచేయలేదు. మీరంటున్న కృత్రిమ చర్మం వేరు. కొలాజెన్ అల్లిక మీద పల్చటి సిలికాన్ పొర ఉంటుంది. సుమారు మూడు వారాల్లో అల్లికలోకి రక్తనాళాలు పాకుతాయి. అప్పుడు సిలికాన్ తీసేసి, మళ్లీ సొంత చర్మమే పల్చగా వేయాలి! అంటే తొడకు తప్పదు, ఖర్చు కూడా చాలా ఎక్కువ. స్నాయువులు, అంటే కండను ఎముకకు కలిపే తాళ్లలాంటివి, బయటపడితే దాని గురించి ఆలోచించాలి. లేదంటే ఆ ఖర్చు అనవసరమని నా అభిప్రాయం.

ఇక తొడ సంగతి. అక్కడ కండ కోయరు. అర మిల్లీమీటరు కన్నా పల్చగా పైపొర మాత్రమే చెక్కుతారు. అడుగున మిగిలిన వెంట్రుకల కుదుళ్ల నుంచి కొత్త చర్మం వస్తుంది. మామూలుగా రెండు వారాల్లో మానుతుంది, షుగర్ ఉంటే కొంచెం ఎక్కువ పట్టొచ్చు. నొప్పి మాత్రం చేతికన్నా తొడకే ఎక్కువ, ముందే తెలుసుకుంటే టెన్షన్ ఉండదు. అక్కడి కట్టును బలవంతంగా లాగకండి.

అసలు జాగ్రత్త చేతి విషయంలో కావాలి. అతికించిన చర్మానికి మొదటి రెండు రోజులు సొంత రక్తప్రసరణ ఉండదు, గాయంలో ఊరే ద్రవంతోనే బతుకుతుంది. తర్వాత కింది నుంచి రక్తనాళాలు కలుస్తాయి. ఈలోగా చెయ్యి కదిలినా, కింద రక్తమో చీమో చేరినా చర్మం అతుక్కోదు. అందుకే చెక్కబద్ద కట్టి, సాధారణంగా అయిదో రోజుదాకా కట్టు విప్పరు. బీడీ, సిగరెట్ అలవాటుంటే ఈరోజే మాన్పించండి, పొగ రక్తనాళాలను కుదించేస్తుంది. ఆపరేషన్‌కు ముందే షుగర్ అదుపులోకి రావాలి.

ప్లాస్టిక్ సర్జన్ కోసం తిరుపతికి వెళ్లొచ్చు, మీకు వేలూరు కూడా దగ్గరే. ఎన్టీఆర్ వైద్యసేవ వర్తిస్తుందేమో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

మానాక నెలల తరబడి ఫిజియోథెరపీ చేయించాలి, బిగుతు గ్లౌజు వేయించాలి. ఆ చర్మంలో నూనె గ్రంథులు సరిగా పనిచేయవు కాబట్టి రోజూ కొబ్బరినూనె రాసి మర్దన చేయండి. ఇంకో మాట. అక్కడ స్పర్శ తక్కువగా ఉంటుంది, వేడి వెంటనే తెలియదు. మళ్లీ బెల్లం పొయ్యి దగ్గరికి వెళితే ఆ చేతికి మందపాటి గ్లౌజు లేకుండా పెనం దగ్గర నిలబడనివ్వకండి.