పాటిమన్నులో ఊరి పటం

ప్రశ్న: ఇటలీలో రోమన్లకు ముందు వెలిగిన ఎట్రుస్కన్ జాతి వారి కొండల మీది ఊళ్లను తవ్వకుండా, సన్నని గొట్టంతో మట్టి తీసి పటం గీస్తారట. రెండంగుళాల మట్టిలో ఊరు ఎలా కనబడుతుంది? మా ఊరి పాటిదిబ్బ మీద నేనూ అలా చూడవచ్చా?
– ఒక పాఠకుడు, గుత్తి

జవాబు: ఒక్క రంధ్రంలో ఊరు కనబడదండీ. మీరు బోరు వేసే దగ్గర నిలబడే ఉంటారు. ఎర్రగా వస్తున్న పొడి తెల్లబడగానే రైతు ‘ఎన్ని అడుగులైంది?’ అని అడుగుతాడు. పురాతత్వవేత్త అడిగేదీ అదే. అయితే ఆయన చేత్తో తిప్పే ఆగర్ అనే గొట్టంతో కొద్ది మీటర్లే దిగుతాడు. నేలను గళ్లుగా విడగొట్టి ప్రతి మూలా ఒక రంధ్రం వేసి, పక్కదానితో పోల్చి చూస్తాడు. పటం ఆ పోలికలోంచి వస్తుంది.

ఎట్రుస్కన్ల సీమ ఎట్రూరియా దక్షిణ భాగంలో చాలా ఊళ్లు టఫ్ అనే అగ్నిపర్వత బూడిదరాతి గుట్టల మీద ఉండేవి. రాతి పునాది, మట్టి గోడ, పైన కాల్చిన పెంకులు. ఇల్లు కూలితే గోడ మళ్లీ మట్టిలో కలిసిపోతుంది, పెంకులు మిగులుతాయి. విటెర్బో దగ్గర ఆక్వారోస్సాలో స్వీడన్ బృందం 1966 నుంచి తవ్వి బయటపెట్టినవి అలాంటి ఇళ్లే. అందుకే గొట్టంలో దున్నిన మట్టి కింద పెంకు ముక్కలు, బొగ్గు, వాటి కింద టఫ్ వరుసగా వస్తే అక్కడ ఇల్లుండేదని ఊహిస్తారు. ఒకచోట అర మీటరుకే తగిలిన రాయి పక్కన రెండు మీటర్లకూ తగలకపోతే, అక్కడ గొయ్యో బావో తొలిచి ఉండవచ్చు.

నేను మృత్తికా సర్వేలో పనిచేసిన రోజుల్లో కళ్యాణదుర్గం వైపు ఒక చేనులో ఆగర్ దించాను. జానెడు ఎర్ర గరుసు, దాని కింద మెత్తటి బూడిదరంగు మట్టి, అందులో బొటనవేలి గోరంత నల్లటి కుండపెంకు. పది అడుగుల అవతల వేస్తే ఒట్టి గరుసే. రైతు ఆ మట్టిని అరచేతిలో నలిపి, ‘ఇది పాటిమన్ను సార్, చేనుకు మంచి సత్తువ’ అన్నాడు. ఆ మాట నేను మరచిపోలేదు. మనుషులు, పశువులు ఉన్నచోట ఎముకలు, పేడ, బూడిద వదిలే భాస్వరం మట్టిని పట్టుకుని శతాబ్దాలు నిలుస్తుంది. స్వీడన్‌లో ఓలోఫ్ అరేనియస్ అనే మట్టి శాస్త్రవేత్త చక్కెరదుంపల (షుగర్ బీట్) పొలాల మట్టిని పరీక్షిస్తూ పాత నివాసాలున్నచోట అది ఎక్కువగా ఉందని గమనించాడు. మన రైతుకు అది పంటలో కనబడింది.

బూడిదరంగు కనబడిన చోటల్లా ఇల్లుందని మాత్రం అనుకోకండి. మన జిల్లా పాలవాయి దిబ్బ నవీన శిలాయుగపు పశుపాలకులు పేడ పోగులు కాల్చగా ఏర్పడింది.

ఇక మీ దిబ్బ. పురావస్తు శాఖ అనుమతి లేకుండా గొట్టం దించవద్దు. ట్రాక్టర్లతో పాటిమన్ను తోలుతుంటే ముందు దాన్ని ఆపించండి. ఒక్కో లోడుతో ఒక్కో పొర పోతుంది, మళ్లీ రాదు. తొలి వాన వెలిశాక దిబ్బ చుట్టూ నడిచి, ఎక్కడ పెంకులు ఎక్కువగా తేలాయో గట్ల గుర్తులతో కాగితం మీద గీయండి. ఏ పెంకునూ ఏరకండి. ఆ కాగితాన్ని శాఖ జిల్లా కార్యాలయంలో ఇవ్వండి, ఒక ప్రతి నాకూ పంపండి.