పరిధి అంటే లోపలా, అంచా?

సందేహం: "అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి ఫెడరల్ కోర్టుల పునర్విచారణ పరిధిని సంస్కరించవచ్చు" అని ఒక వ్యాసంలో చదివాను. పరిధి అంటే వృత్తం చుట్టుకొలత అని బడిలో చెప్పారు. ఇక్కడ ఆ మాట కుదురుతుందా? 'పునర్విచారణ' సరైనదేనా?

సమాధానం: రెండోది ముందు తేల్చేద్దాం. అక్కడ ఉండాల్సింది 'అప్పీలు'. కేసును మళ్లీ మొదటినుంచి నడిపితే పునర్విచారణ. పల్లెటూళ్లో కూడా తెలిసిన అప్పీలును సంస్కృతం చేయబోయి అర్థమే మార్చేశారు, ఎందుకో ఈ తాపత్రయం!

ఇక పరిధి. 'పరి' అంటే చుట్టూ, 'ధా' ధాతువుకు ఉంచడం అని అర్థం, చుట్టూ ఉంచినది పరిధి. యజ్ఞంలో అగ్ని చుట్టూ పెట్టే పుల్లలకు అదే పేరు. పురుషసూక్తంలో 'సప్తాస్యాసన్ పరిధయః' అని రోజూ చదివేవాళ్లలో ఎంతమందికి ఆ పుల్లలు గుర్తొస్తాయో! మామూలుగా పెట్టేవి మూడే, పడమర, దక్షిణం, ఉత్తరం. తూర్పున సూర్యుడే కాపలా ఉంటాడు కాబట్టి అక్కర్లేదట. సూర్యుడి చుట్టూ కట్టే వలయాన్ని కూడా అమరకోశం పరిధి అంది, మనవాళ్లు వరదగుడి అంటారే, అదే. మీ చుట్టుకొలతా ఈ కుటుంబంలోదే. అసలైతే పరిధి అంచు, లోపలి జాగా కాదు. కానీ పోలీస్ స్టేషన్ పరిధి, మండల పరిధి అని అనీ అనీ జాగాకే పేరైపోయింది, ఇప్పుడు వెనక్కి లాగలేం.

అమెరికా సంగతికి మాత్రం పాత అర్థమే బాగా అతుకుతుంది. అక్కడి రాజ్యాంగం మూడో అధికరణం సుప్రీంకోర్టుకు అప్పీళ్లు వినే అధికారం ఇస్తూనే, కాంగ్రెస్ పెట్టే మినహాయింపులకు, నిబంధనలకు లోబడి అంది. నిప్పు రాజ్యాంగానిది, పుల్లలు కాంగ్రెస్‌వి. రాయబారుల కేసుల్లాంటివి నేరుగా వినే అధికారం రాజ్యాంగమే ఇచ్చింది, అది తూర్పు దిక్కు అనుకోండి. మిసిసిపీలో మెకార్డిల్ అనే పత్రికా సంపాదకుడి అప్పీలు మీద 1868లో వాదనలు ముగిశాక, తీర్పు రాకముందే, ఆ అప్పీలుకు దారిచ్చిన 1867 చట్టంలోని భాగాన్ని కాంగ్రెస్ రద్దు చేసేసింది. మాకు వినే అధికారం లేదని 1869లో కోర్టు కొట్టేసింది. ఇది పుల్లను లోపలికి జరపడం. 1925 చట్టం అలా కాదు, ఏ కేసు వినాలో ఎంచుకునే వీలును చాలావరకు కోర్టుకే ఇచ్చింది. రెండింటినీ 'సంస్కరణ' అనేస్తే ఏం తెలుస్తుంది? సంస్కరించడమంటే బాగుచేయడం. ఏం బాగుపడిందో మెకార్డిల్‌ను అడగాలి!

నేనైతే 'అప్పీళ్ల పరిధిని కుదించవచ్చు' అనో 'మార్చవచ్చు' అనో రాస్తాను. 'సంస్కరించవచ్చు' తప్పని మాత్రం అనలేను, రాసినాయన ఆ మార్పు మంచిదనే నమ్మి ఉండొచ్చు.