డబుల్ క్యాబ్ పికప్‌లో 10 అంగుళాల సబ్‌కి సీల్డ్ బాక్సా, పోర్టెడ్ బాక్సా?

మీ ఇసుజు వి-క్రాస్ పికప్ వెనక సీటు కింద 10 అంగుళాల సబ్ (సబ్‌వూఫర్, అంటే బాస్ స్పీకర్) పెట్టాలి, షాపువాళ్లు పోర్టెడ్ బాక్సు (గాలి ఆడే పైపున్నది) అంటున్నారు, ఏది మేలు అని కదా అడిగారు. సీల్డే, అంటే గాలి పోకుండా అన్ని వైపులా మూసేసిందే చేయించుకోండి. సబ్ మాత్రం ఇప్పుడే కొనొద్దు. ముందు చోటు కొలవాలి, ఎన్ని లీటర్ల బాక్సు పడుతుందో తేలాలి, ఆ తర్వాతే దానికి తగ్గ సబ్ వెతకాలి.

సీటు మీద ఇద్దర్ని కూర్చోబెట్టి కొలతలు తీయండి. కుషన్ ఎంత కిందికి దిగుతుందో అప్పుడే తెలుస్తుంది. ఫ్లోర్ ఎత్తుపల్లాలుగా ఉంటుంది కాబట్టి మూడు నాలుగు చోట్ల ఎత్తు చూసి, అన్నిటికన్నా తక్కువదే లెక్కలోకి తీసుకోండి. తర్వాత అట్టతో అదే సైజు డబ్బా చేసి, కింద పెట్టి, సీటు మూసి చూడండి. జాకీ, బోల్టులు, వైరింగ్ ఎక్కడ అడ్డొస్తాయో అక్కడే బయటపడుతుంది.

బయటి కొలత 60×32×15 సెం.మీ. వచ్చిందనుకుందాం. 18 మి.మీ. చెక్కతో కొడితే లోపల మిగిలేది 56.4×28.4×11.4. బయటికి 28.8 లీటర్లుగా కనిపించే బాక్సులో లోపల ఉండేది 18.3 లీటర్లే. సబ్ మాగ్నెట్, ఫ్రేమ్ ఇంకో లీటరు పైగా తీసుకుంటాయి. చేతికొచ్చేది 17.

పోర్టెడ్ అయితే ఈ 17 లీటర్లని 35 హెర్ట్జ్‌కి ట్యూన్ చేయాలంటే, అంటే పైపులో గాలి ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర బాస్‌కి బలమివ్వాలంటే, లోపలి వ్యాసం 7.5 సెం.మీ. ఉన్న పైపు దాదాపు 58 సెం.మీ. పొడవుండాలి. బాక్సు లోపలి పొడవే 56.4! సన్న పైపు పెడితే తక్కువ పొడవు సరిపోతుంది కానీ గాలి బుస్సుమంటుంది. అదే పైపుని కోసి పొట్టి చేస్తే ట్యూనింగ్ పైకి పోతుంది, ఏ పాటకైనా ఒకటే దడదడ. అంతకన్నా కింది ఫ్రీక్వెన్సీల్లో కోన్‌ని (ముందుకీ వెనక్కీ ఊగే స్పీకర్ పొరని) ఆపే గాలి ఉండదు, హద్దు దాటి ఊగి సబ్ పాడవుతుంది. పైగా పికప్ క్యాబిన్ చిన్నది, లోతైన బాస్‌ని అదే పెంచుతుంది. సీల్డ్ బాక్సులో కింది బాస్ మెల్లగా తగ్గుతుంది కాబట్టి ఆ రెండూ చక్కగా కలుస్తాయి.

ఇక సబ్. పై కొలతల్లో షాలో మౌంట్ (లోతు తక్కువున్న) రకమే నయం: మౌంటింగ్ డెప్త్, అంటే బాక్సు ముఖం నుంచి సబ్ లోపలికి దిగే లోతు, 11 సెం.మీ. లోపుంటే మాగ్నెట్ వెనక గాలి ఆడటానికి 2 సెం.మీ. మిగులుతుంది. స్పెక్ షీట్‌లో వీఏఎస్ (కోన్‌ని పట్టి ఉంచే సస్పెన్షన్ ఎంత మెత్తనో లీటర్లలో చెప్పే అంకె), క్యూటీఎస్ (కోన్ ఊగుడు ఎంత అదుపులో ఉంటుందో చెప్పే అంకె) చూడండి. వీఏఎస్‌ని బాక్సు లీటర్లతో భాగించి, 1 కలిపి, వర్గమూలం తీసి, క్యూటీఎస్‌తో గుణించండి. వీఏఎస్ 20 లీటర్లు, క్యూటీఎస్ 0.5 అయితే 17 లీటర్లలో 0.74 వస్తుంది, చాలా బాగుంటుంది. అదే సబ్‌ని 8 లీటర్లలో ఇరికిస్తే 0.94: పై బాస్ ఉబ్బి, కింది బాస్ పోతుంది.

చెక్క విషయంలో బేరం వద్దు. వానాకాలం బూట్ల నీళ్లు నేరుగా సీటు కిందికే చేరతాయి. తడికి ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన బోర్డు) ఉబ్బి స్క్రూలు పట్టు వదిలేస్తాయి. ఐఎస్ 710 మెరైన్ ప్లై తీసుకోండి. అతుకు మొత్తానికీ ఫెవికాల్ పట్టించి, ముందు చిన్న రంధ్రం వేసి, 10 సెం.మీ.కి ఒక స్క్రూ బిగించమనండి. లోపలి మూలలకి సిలికాన్ పూయాలి, వెనిగర్ వాసన వచ్చే రకం కాదు, న్యూట్రల్ రకం. అది ఆరడానికి 24 గంటలు వదిలాకే సబ్ బిగించాలి. తర్వాత తక్కువ సౌండ్‌లో 30 హెర్ట్జ్ టోన్ పెట్టి అతుకుల వెంట అగరుబత్తి తిప్పండి. పొగ ఎక్కడ అదిరితే అక్కడ లీకున్నట్టు.

కోన్ పైకి చూసినా కిందికి చూసినా ఎదురుగా 4 సెం.మీ. ఖాళీ ఉండాలి. పైకైతే గ్రిల్ తప్పనిసరి. ఆ ఖాళీ కూడా ఎత్తు లెక్కలో కలిపాకే బాక్సు ఎత్తు ఖాయం చేయండి. బిగించడానికి ఫ్లోర్‌లో డ్రిల్ వేయాల్సి వస్తే ముందు బండి కిందికి దూరి చూడండి, బ్రేకు పైపు, డీజిల్ పైపు అటే వెళ్తుండొచ్చు.