బీటీని విలన్ అని వదిలెయ్యనివ్వకండి

ఇంటర్ పిల్లలతో రే బ్రాడ్‌బరీ 'ఫారెన్‌హీట్ 451' చదివిస్తున్నాననీ, పాత్రల గురించి అడిగితే "బీటీ చెడ్డవాడు, క్లారిస్ మంచిది" అని రెండు ముక్కల్లో తేల్చేస్తున్నారనీ, చర్చ నడపడం ఎలాగనీ అడిగారు. పుస్తకాలు దొరికితే ఫైర్‌మెన్ వచ్చి తగలబెట్టే రోజుల కథ ఇది. మోంటాగ్ అలాంటి ఫైర్‌మన్, బీటీ అతని కెప్టెన్, క్లారిస్ పక్కింటి అమ్మాయి. అమలాపురం దగ్గర ఆదివారాలు పిల్లల్ని కూర్చోబెట్టి ఈ నవల మూడుసార్లు చదివించాను. మొదటిసారి నాకూ ఇదే అయింది. ఎవరు ఎందుకలా చేశారో అంతా నేనే చెప్పేశాను, వాళ్లు నోట్సు రాసుకున్నారు. మాట పెగల్లేదు.

రెండోసారి ఒక్కటే అడిగాను: "ఈ మనిషికి ఏం పోతుందని భయం?" దానికి ముందు మా ఇంటి సంగతి చెప్పాను. మాది పి.గన్నవరం అవతల లంక ఊరు. 1986 ఆగస్టు వరదలో నీళ్లు అరుగు ఎక్కుతుంటే నాన్న పుస్తకాల ట్రంకు పెట్టె మోసుకెళ్లి అటక ఎక్కించారు. బియ్యం బస్తా అమ్మ ఒక్కతే లాగలేక వదిలేసింది. బియ్యమంతా నానిపోయింది. అమ్మ కూడా పుస్తకాలు చదివే మనిషే, అయినా చాలా రోజులు నాన్నతో సరిగ్గా మాట్లాడలేదు. తప్పెవరిదని అడిగితే పిల్లలు రెండు జట్లయి వాదించుకున్నారు. ఆ వేడిలోనే ముసలావిడ ఘట్టం చదివాం. పుస్తకాలు తగలబెట్టడానికి వచ్చిన ఫైర్‌మెన్ బయటికి రమ్మన్నా ఆవిడ రాదు, అగ్గిపుల్ల తనే గీస్తుంది. అంతకుముందు ఆవిడని పిచ్చిది అన్న కుర్రాడు ఈసారి తల దించుకుని కూర్చున్నాడు.

మోంటాగ్ భార్య మిల్‌డ్రెడ్‌కి ఎక్కువ సమయం ఇవ్వండి. మొగుడి మీద తనే ఫిర్యాదు చేసింది కాబట్టి పిల్లలకి ఆమె మీద కోపం. మా దగ్గర ఒకమ్మాయి లేచి, "మాస్టారూ, ముప్పై నిద్రమాత్రల సీసా ఖాళీ చేసిన మనిషి మర్నాడు నేను మింగలేదంటే మోంటాగ్ ఊరుకున్నాడేంటి?" అంది. నాకు నోట మాట రాలేదు, అన్నిసార్లు చదివి కూడా నేను అడగని ప్రశ్న అది. అక్కడి నుంచి వెనక్కి తిప్పి చదివాం. ఆమె కడుపు శుభ్రం చేయడానికి వచ్చినవాళ్లు డాక్టర్లు కారు. ఇలాంటి కేసులు రాత్రికి తొమ్మిదో పదో వస్తాయంటారు. మొదట ఎక్కడ కలుసుకున్నారో మొగుడికీ పెళ్లానికీ ఇద్దరికీ గుర్తు రాదు. గోడల మీద టీవీలో మాట్లాడేవాళ్లే ఆమెకి కుటుంబం. అది పోతుందనే ఆమె భయం. క్లారిస్, రిటైరైన ప్రొఫెసర్ ఫేబర్ గురించి పిల్లలే మాట్లాడతారు, అక్కడ మీరు పెద్దగా కష్టపడక్కర్లేదు.

ఇక బీటీ. 'మాలపల్లి'ని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించిందని మన పిల్లలు విని ఉంటారు కాబట్టి నిషేధం అనగానే సర్కారే అనుకుంటారు. మోంటాగ్ ఒంట్లో బాగాలేదని పడుకున్నప్పుడు బీటీ వచ్చి చెప్పే పెద్ద ప్రసంగం గట్టిగా చదివించండి. ఈ నిషేధం మొదట పైనుంచి రాలేదనీ, జనమే పుస్తకాలు కుదించుకుంటూ, ఎవరినీ నొప్పించనివే కావాలంటూ ఇక్కడిదాకా వచ్చారనీ అంటాడు. దాంతోపాటు 1967లో ఏం జరిగిందో కూడా చెప్పండి. బడి పిల్లల కోసం వేసిన ఈ నవల ప్రతిలోనే ప్రచురణకర్తలు రచయితకి చెప్పకుండా కొన్ని మాటలు తీసేశారు, మార్చేశారు. ఆ సంగతి ఆయనకి ఉత్తరాలు రాసి తెలియజేసింది విద్యార్థులే. మా పిల్లలు ఇది విని ఎంత సంబరపడ్డారో.

అప్పుడు అడగండి, ఇన్ని పుస్తకాల్లోంచి ఇన్ని వాక్యాలు నోటికి వచ్చిన బీటీ వాటిని ఎందుకు కాలుస్తున్నాడని. వాటిని ప్రేమించి మోసపోయాననుకున్నాడా? చదివింది మర్చిపోలేక కాలుస్తున్నాడా? మీ అభిప్రాయం మాత్రం చెప్పకండి. మోంటాగ్ మంటలు చిమ్మే గొట్టం ఎక్కుపెట్టినా బీటీ పారిపోడు, కాల్చమని రెచ్చగొడతాడు. సరిగ్గా అక్కడ పుస్తకం మూయించి ఇళ్లకి పంపించండి. బీటీ చావాలనే కోరుకున్నాడని తర్వాతి పేజీల్లో మోంటాగ్‌కే తడుతుంది, అది ముందే చదివేస్తే ఇక వాళ్లు వెతకరు. మా వాళ్లు ఆ సాయంత్రం సైకిళ్లెక్కకుండా, నడిపించుకుంటూ ఏటిగట్టు పొడుగునా దీని మీదే వాదించుకుంటూ వెళ్లారు.