వ్యాసం తిరిగొచ్చింది, కోర్సు మార్పించేయనా?

ప్రశ్న: నేను రిటైర్డ్ హైస్కూల్ టీచర్ని. మాది ఖమ్మం. మా అమ్మాయి ఇంటర్ హెచ్‌ఈసీ, డిగ్రీ బీఏ చదివి, ఇప్పుడు మెల్‌బోర్న్‌లో జర్నలిజం మాస్టర్స్ రెండో సెమిస్టర్‌లో ఉంది. సంగీతం గురించి రాయడమంటే దానికి పిచ్చి. అక్కడొక కమ్యూనిటీ రేడియోలో ఇంటర్న్‌షిప్ దొరికింది. ఈమధ్య చనిపోయిన ఒక ఆదివాసీ గాయకుడికి నివాళిగా వ్యాసం రాసిచ్చింది. హెడ్డింగ్‌లో పేరు, పైన పెద్ద ఫొటో, కింద పాట. ఎడిటర్ అది వేయకుండా ‘కుటుంబాన్ని అడిగావా?’ అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపింది. పిల్ల రెండు రోజులు అన్నం తినలేదు. చనిపోయినవాళ్ల పేరు పలకకూడదనే మూఢనమ్మకానికి నా కూతురి భవిష్యత్తు బలి కావాలా? మా మేనల్లుడు అక్కడే డేటా అనలిటిక్స్ చేస్తున్నాడు, పీఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) గ్యారంటీ అంటున్నాడు. ఇప్పుడే మార్పించేయనా? రెండు కోర్సులూ పోల్చి చెప్పగలరు.

జవాబు: మాస్టారూ, పోల్చి చెప్తాను. ముందు మీరు అడగని సంగతి ఒకటి మాట్లాడుకుందాం, లేకపోతే ఆ పోలిక మీ చెవికెక్కదు.

మీ బెంగ డేటా అనలిటిక్స్ గురించి కానే కాదు. ఇంత అప్పు చేసి పంపితే పిల్ల పరాయి దేశంలో తప్పు చేసింది, ఇక దాన్ని ఎవరూ దగ్గరికి రానివ్వరేమో అని. ఈ ఉత్తరం నాకు కొత్తది కాదు. చార్టులో టైము తప్పు వేసిందని వార్డులో సీనియర్ నర్సు కోప్పడితే ఒక తల్లి ఇలాగే రాసింది. కొడుకు గీసిన డ్రాయింగు ఎర్రగీతలతో తిరిగొచ్చిందని ఒక తండ్రి ఏకంగా టికెట్ బుక్ చేయమన్నాడు. మీరైతే సర్వీసంతా కాంపోజిషన్ పుస్తకాలు దిద్దినవారు. ఎర్రసిరా పడ్డ ప్రతి పిల్లాణ్నీ బడి మాన్పించారా?

ఆ ఎడిటర్ రాసిన ముక్క మళ్లీ చదవండి. నీకు రాయడం రాదనలేదు, రేపట్నుంచి రావద్దనలేదు. అడిగి రమ్మని పని పురమాయించింది. దిద్దడానికి ఓపిక లేనివాళ్లయితే వ్యాసాన్ని చెత్తబుట్టలో పడేసి, సర్టిఫికెట్ చేతికిచ్చి పంపించేసేవారు.

ఇక ఆ ‘మూఢనమ్మకం’ అనే మాట. అది మీరు వెనక్కి తీసుకోవాలి, ముఖ్యంగా అమ్మాయి ముందు ఎప్పుడూ అనకూడదు. చావు జరిగిన ఇంటికి పరామర్శకి వెళ్లి, లేచేటప్పుడు ‘వెళ్లొస్తాను’ అంటారా మీరు? అనరు. ఎందుకని అడిగితే సైన్సు చెప్పలేరు, అయినా ఆ మాట నోటికి రాదు. వాళ్లదీ మనదీ ఒకటేనని నేననడం లేదు. అర్థం కాని చోట నోరు అదుపులో పెట్టుకోవడం మనకూ తెలుసంటున్నాను, అంతే.

అసలు సంగతి ఇది. ఆస్ట్రేలియాలోని చాలా అబోరిజినల్, అంటే అక్కడి ఆదివాసీ, సమూహాల్లో మనిషి పోయాక కొంతకాలం ఆ పేరు పలకరు, ఫొటో చూపించరు, గొంతు వినిపించరు. పేరు పెట్టి పిలిస్తే ప్రయాణంలో ఉన్న ఆత్మను వెనక్కి లాగినట్టవుతుందని కొందరంటారు. అయినవాళ్ల పచ్చిపుండును రేపినట్టవుతుందన్నది మరో కారణం. ఈ సంతాప కాలానికీ, అందులో చేయాల్సిన పనులకీ కలిపి వాళ్లు వాడే మాట ‘సారీ బిజినెస్’. ఇక్కడ సారీ అంటే దుఃఖం, వ్యాపారంతో దీనికేం సంబంధం లేదు. ఎన్నాళ్లు అన్నది కొన్ని వారాలు కావచ్చు, ఏళ్లు కావచ్చు; అది కుటుంబమూ పెద్దలూ తేల్చాలి. మధ్య ఆస్ట్రేలియాలో అయితే పోయినవాళ్ల పేరు బదులు ‘కుమంజయి’ అంటారు. పిట్జంట్జట్జరా మాట్లాడేవాళ్లు ‘కున్మనారా’ అంటారు. అదే పేరున్న మనిషి బతికి ఉన్నా సరే, అతన్నీ కొన్నాళ్లు అలాగే పిలుస్తారు. అక్కడ టీవీలో కార్యక్రమానికి ముందు ‘ఇందులో మరణించినవారి బొమ్మలు, గొంతులు ఉండొచ్చు’ అని హెచ్చరిక వేసేది ఇందుకే. అన్నిచోట్లా ఒకే పద్ధతి అనుకునేరు. తెల్లవాళ్లు వచ్చేనాటికి ఆ ఖండంలో 250కి పైగా భాషలుండేవి. మెల్‌బోర్న్ శివారులో ఉండే కుటుంబమూ, ఎక్కడో ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్ తీరంలో ఉండే కుటుంబమూ ఒకే మాట చెప్పాలని లేదు.

గాయకుల విషయంలో ఇది ఇంకా చిక్కు. రచయిత పోతే పుస్తకం మూసి పక్కన పెట్టొచ్చు. గాయకుడు పోతే రేడియో పెట్టిన ప్రతిసారీ ఆ గొంతు ఇంట్లోకి వస్తుంది.

యోతు యిండి అనే బ్యాండ్ ఉంది, 1986లో పుట్టింది. 1991లో ‘ట్రీటీ’ పాటతో దేశమంతా మోగిపోయింది. దాని గాయకుడు ఆ ఆర్నెమ్ ల్యాండ్‌లోని యోల్ఙు జాతివారు, 2013 జూన్‌లో పోయారు. ఆయన్ని డాక్టర్ ఎం. యూనుపింగు అని రాస్తారు, నేనూ అలాగే రాస్తున్నాను. మీకు నచ్చే సంగతేమిటంటే ఆయన మొదట బడిపంతులు, 1990 నాటికి యిర్కలా బడికి ప్రిన్సిపాల్. ఆ ఏడాదే ఆయన తన పేరు మార్చుకున్నారు. తన పేరే ఉన్న బంధువు ఒకరు పోయారు కాబట్టి. ఆ పాతపేరేమిటో వెతికి ఇక్కడ పెట్టడం నాకు చిటికెలో పని. పెట్టను.

ఇంకొకరు ఎల్కో ద్వీపం ఆయన, డాక్టర్ జి. యూనుపింగు. పుట్టు గుడ్డి. ఎడమచేతి వాటం, కానీ కుడిచేతివాళ్ల గిటారునే తీగలు మార్చకుండా తలకిందులుగా పట్టుకుని వాయించేవారు. 2017 జులై 25న డార్విన్‌లో పోయారు, అప్పటికి 46 ఏళ్లు. పత్రికలు ఆయన మొదటి పేరు వదిలేసి, ఇలా పొడి అక్షరంతో రాశాయి. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఆయన చివరి ఆల్బమ్ ‘జారిమిరి’ వచ్చింది. అందులో డిడ్జెరిడూ (వాళ్ల పొడవాటి కర్ర ఊదువాద్యం) ఊదాల్సిన వరసల్ని చెల్లోలూ మిగతా తీగ వాద్యాలూ వాయిస్తాయి, ఒకసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఆస్ట్రేలియా చార్టుల్లో అది ఒకటో స్థానానికి వెళ్లింది. ఆదివాసీ భాషలో పాడిన ఆల్బమ్ అక్కడికి చేరడం అదే మొదలు. మరి పేరు పలకకూడనప్పుడు ఆల్బమ్ ఎలా వచ్చింది అంటారేమో. ఆయన మీద తీసిన డాక్యుమెంటరీని పోయే మూడు రోజుల ముందు ఆయనే ఆమోదించారు. పేరూ బొమ్మా గొంతూ వాడుకోవడానికి కుటుంబం ఒప్పుకుంది. అంటే తాళం ఉంది, తాళంచెవి వాళ్ల దగ్గర ఉంది.

2022 జులై 30న ఆర్చీ రోచ్ పోయినప్పుడు కొడుకులు తండ్రి మరణవార్తతో పాటే, ఆయన పేరూ ఫొటో పాటలూ వాడుకోవచ్చని చెప్పేశారు. అందుకే ఆయన పేరు పూర్తిగా రాశాను. ఈ తేడా మీ అమ్మాయి పాఠ్యపుస్తకంలో ఒక పేరాగా ఉండి ఉంటుంది, పరీక్షలో రాసి కూడా ఉంటుంది. చేతికి పని వచ్చినప్పుడే అది తలకెక్కేది.

ఇప్పుడు అమ్మాయి ఏం చేయాలో చెప్తాను, ఈ భాగం తనకి పంపండి. పోయినాయన భార్యకో బిడ్డలకో నేరుగా ఫోన్ కొట్టకూడదు. రికార్డింగ్ కంపెనీ, మేనేజరు, ఆ ఊరి కమ్యూనిటీ సంస్థ, వీళ్లలో ఎవరి ద్వారా వెళ్లాలో ఎడిటర్నే అడగాలి. అడగాల్సినవి నాలుగు ముక్కలు: ఏ పేరు రాయాలి, ఫొటో పెట్టొచ్చా, పాట వినిపించొచ్చా, ఎప్పటిదాకా ఇలా. జవాబు ఎవరిచ్చారో, ఏ తేదీనో రాసి దాచుకోవాలి. పాట సంగతి విడిగా అడగాలి, ఎందుకంటే యోల్ఙు వాళ్లలో సంప్రదాయ పాటలు వంశాలకి చెందుతాయి, పాడినవాడి ఒక్కడివి కావు. జవాబు రాకపోతే వ్యాసం ఆగుతుంది. ఆగనివ్వాలి. నివాళి ఒక నెల ఆలస్యమైతే పోయినవాళ్లకి నష్టం లేదు.

పిల్లలు బోల్తాపడే చోటొకటుంది. హెడ్డింగ్‌లో పేరు తీసేస్తారు, లోపల ఇంటిపేరుతో సరిపెడతారు, పైన హెచ్చరిక కూడా పెడతారు. ఫొటో ఫైలుకి పెట్టిన పేరు మాత్రం అలాగే ఉంటుంది. లింకులో పేరుంటుంది, హ్యాష్‌ట్యాగ్‌లో ఉంటుంది. ఎవరో వాట్సాప్‌లో షేర్ చేస్తారు, హెచ్చరిక కనబడకముందే ముఖమూ పేరూ ఫోను తెర మీద ప్రత్యక్షం. మీ అమ్మాయి ఈసారి ఈ నాలుగు చోట్లా చూసుకుని పంపిందంటే ఆ ఎడిటర్ దాన్ని మర్చిపోదు.

సరే, పోలిక.

మీ మేనల్లుడు గ్యారంటీ అన్నాడు. పీఆర్‌కి గ్యారంటీ ఇవ్వగలిగిన మనిషిని నేనింతవరకు చూడలేదు. ఆస్ట్రేలియాలో వీసా సలహా వృత్తిగా చెప్పాలంటే రిజిస్టరైన మైగ్రేషన్ ఏజెంటో లాయరో అయ్యుండాలి. మీ మేనల్లుడు రెండూ కాదు. పీఆర్‌కి కనీసం 65 పాయింట్లు అంటారే, అది గేటు దగ్గర చూపించే టికెట్టు మాత్రమే. లోపల కుర్చీ దొరకాలంటే, ఐటీ వాళ్లకి మరీ, అంతకన్నా చాలా ఎక్కువ కావాల్సొస్తోంది. పైగా ఐటీ కింద వెళ్లేవాళ్ల చదువుని అక్కడి కంప్యూటర్ సొసైటీ విడిగా తూకం వేస్తుంది. అసలు మేనల్లుణ్ని ఒక ప్రశ్న అడిగారా? స్టూడెంట్ వీసా మీద, చదువు నడుస్తుండగా, పక్షానికి 48 గంటలు పని చేయొచ్చు కదా, ఆ 48 గంటలూ అతను డేటా దగ్గర చేస్తున్నాడా, పెట్రోల్ బంకులోనా? బంకులో చేయడం తప్పు కాదు. దాన్ని దాచి మీకు డేటా అనలిటిక్స్ అమ్మడం తప్పు.

ఆ కోర్సు చెడ్డదని కూడా అనను. లెక్కలంటే ఇష్టమున్నవాళ్లు, డిగ్రీలోనే కోడింగ్ చేసినవాళ్లు వెళ్లి బాగుపడ్డారు. కానీ ఇప్పుడు మన దగ్గర ప్రతి కన్సల్టెన్సీ గోడ మీదా ఆ పేరే. ఒకప్పుడు ఎంసీఏ, తర్వాత టెస్టింగ్, ఆ తర్వాత క్లౌడ్, ఇప్పుడిది. గోడ మీదికి ఎక్కేసరికి గుంపు చేరిపోయి ఉంటుంది, మొదటి ఉద్యోగానికి లోకల్ అనుభవం ఏదని అడగడం మొదలవుతుంది. మీ అమ్మాయి లెక్కలు వద్దనే హెచ్‌ఈసీ తీసుకుని ఉంటుంది. ఇప్పుడు దాన్ని స్టాటిస్టిక్స్ క్లాసులో కూర్చోబెడితే ఏడ్చేది రెండు రోజులు కాదు, రెండేళ్లు. ఆ ఫీజు కూడా మీదే.

జర్నలిజం వైపు కూడా తీపి మాటలు చెప్పను. సంగీతం మీద రాసి నెల జీతం తీసుకునే ఉద్యోగాలు ఆస్ట్రేలియాలో కూడా బహు తక్కువ. ఆదివాసీ సంగీతంలో నిపుణురాలిని అవుతానని మీ అమ్మాయి అంటే నేనే ఆపుతాను. ఆ కుర్చీలు ఆ జనానివి, చాలా పోస్టులు వాళ్లకే కేటాయించి ఉంటాయి, ఉండాలి కూడా. కాన్‌బెర్రాలోని సినిమా, శబ్ద ఆర్కైవు లాంటి కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో సాధారణంగా పౌరసత్వం అడుగుతారు. మరి తనకేం మిగులుతుంది? అడగడం తెలిసిన విలేఖరికి రేడియోలో, ఆసుపత్రుల సమాచార విభాగంలో, స్వచ్ఛంద సంస్థల్లో, లైబ్రరీల్లో పని ఉంటుంది. పోయినవాళ్ల గురించి నాలుగు పేరాలు యంత్రం కూడా రాసిపెడుతోంది, మొదటి లైనులోనే పూర్తి పేరు పెట్టి మరీ. ఫోన్ చేసి, అవతలివాళ్లు ఏడుస్తుంటే ఆగి, రేపు చేయమంటారా అని అడగడానికి మాత్రం మనిషే వెళ్లాలి. ఆ పని దానికి ఇప్పుడిప్పుడే చేతికొస్తోంది, మీరు మధ్యలో లాగేయకండి.

ఇంత చెప్పినా మార్పించాలనే ఉంటే మీ ఇష్టం, రెండు జాగ్రత్తలు మాత్రం పాటించండి. మాస్టర్స్ నుంచి మాస్టర్స్‌కే మారాలి. చవగ్గా వస్తోందని కింది స్థాయి డిప్లొమాలో చేర్పిస్తే వీసాకే ఎసరు. ఆ సెమిస్టర్‌కి యూనివర్సిటీ ఇచ్చే సెన్సస్ తేదీ లోపలే తప్పుకోవాలి, అది దాటితే కట్టిన ఫీజు మీద ఆశ వదులుకోవచ్చు. ఆ తేదీ ఎప్పుడో అమ్మాయికి తెలుసు. కాకపోతే దాన్ని అడిగేది ఆ ఫోన్ కాల్ అయ్యాక, ఎడిటర్ రెండో కాపీ చూశాక.