జబల్‌పూర్ నుంచి బెంగళూరుకి మిలిటరీ లారీ తేవాలంటే ఎంతవుతుంది?

ప్రశ్న: సార్ నమస్తే. మాది కదిరి, ఇప్పుడు బెంగళూరు హోరమావులో ఉంటున్నాం. దేవనహళ్లి అవతల కొంచెం పొలం ఉంది, అక్కడ పెట్టుకుని మెల్లగా బాగు చేస్కుందామని ఆర్మీ తీసేసిన అశోక్ లేలాండ్ స్టాలియన్ ఒకటి చూశాను. బండి జబల్‌పూర్‌లో ఉంది, ఇంకా వేలం పాడలేదు. బాడుగ అడిగితే ఒకాయన చెప్పినదానికి ఇంకొకాయన డబుల్ చెప్తున్నాడు. ఎవర్ని నమ్మాలి, అసలు ఎంతవుతుంది?
– ఒక పాఠకుడు, హోరమావు

జవాబు: వేలం పాడకముందే అడిగారు, చాలా మంచి పని చేశారు. ఇక రేట్ల సంగతి, ఇద్దరూ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చండి, ఒకాయన మామూలు ఫ్లాట్ ట్రైలర్ లెక్కన చెప్పుంటాడు, ఇంకొకాయన లోబెడ్, అంటే డెక్ నేలకి దగ్గరగా ఉండే ట్రైలర్ లెక్కన చెప్పుంటాడు. మీ ఉత్తరంలో బండి కొలతలు ఎక్కడా లేవు, వాళ్లకీ ఇచ్చి ఉండరు. అందరూ బరువెంత, కిలోమీటర్లెన్ని అని మొదలుపెడతారు గానీ ఇలాంటి బండికి బాడుగ తేల్చేది ఎత్తు.

ఎలాగంటే, మామూలు గూడ్స్ బండి ఎత్తు లిమిట్‌ని 2020లో 3.8 మీటర్ల నుంచి 4 మీటర్లకి పెంచారు. ఫ్లాట్ ట్రైలర్ డెక్కే నేల నుంచి మీటరున్నర దాకా ఉంటుంది, దాని మీద 3 మీటర్ల లారీ ఎక్కిస్తే నాలుగున్నర అయిపోతుంది. లోబెడ్ అయితే డెక్ మీటరుకి అటూ ఇటూ ఉంటుంది కాబట్టి బతికిపోతాం, లేదా రెండు మూడు అంగుళాల్లో ఇరుక్కుంటాం. ఎత్తు దాటితే 2019 సవరణ చట్టం ప్రకారం 20 వేలు ఫైను, పైగా దింపుడు ఖర్చూ మనదే. అది కాక ఓవర్ డైమెన్షన్ కిందికి వస్తే పర్మిషన్లు తీస్కోవాలి, ఈ-వే బిల్లు (సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ కాగితం) గడువు కూడా మామూలు సరుకుకి 200 కిలోమీటర్లకి ఒకరోజు ఇస్తే దీనికి 20 కిలోమీటర్లకి ఒకరోజు లెక్కన ఇస్తారు, అంత నెమ్మదిగా కదిలే సరుకని దాని అర్థం. మీ దారి సుమారు 1350 కిలోమీటర్లు కాబట్టి ఒకదాంట్లో 7 రోజులు, ఇంకోదాంట్లో 68 రోజులు వస్తుంది. డబుల్ తేడా ఎక్కడ పుడుతుందో అర్థమైంది కదా.

అందుకని వేలానికి ముందు బండి చూడనిచ్చే రోజు టేపు పట్టుకుని వెళ్లండి, లేకపోతే అక్కడ తెలిసినవాళ్లని పంపండి. క్యాబిన్ పైకప్పు దాకా ఒక కొలత, వెనక టార్పాలిన్ కమ్మీల దాకా ఇంకో కొలత తీస్కోవాలి, ఎందుకంటే చాలాసార్లు ఎత్తుగా ఉండేది ఆ కమ్మీలే, బోల్టులు విప్పి డెక్ మీదే పడుకోబెట్టేస్తే సమస్య తీరిపోతుంది. టైర్లలో గాలి తగ్గిస్తే ఇంకో కొన్ని సెంటీమీటర్లు కలిసొస్తాయి. వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు, అద్దాలు మడిచి కొలవండి. బరువు కోసం క్యాబిన్ లోపలుండే డేటా ప్లేటు ఫోటో తీస్కోండి. బంపర్ దగ్గర పసుపు గుండ్రంలో నల్ల అంకె ఉంటే దాన్నే బరువనుకుని ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకి చెప్పేయకండి, అది ఏ బ్రిడ్జి మీద పోవచ్చో చెప్పే క్లాసు నంబరు.

ఇప్పుడు డబ్బు లెక్క. లోబెడ్ లోడు మీద లీటరుకి 3 కిలోమీటర్లు ఇచ్చిందనుకుందాం, 1350 కిలోమీటర్లకి 450 లీటర్లు, లీటరు 90 లెక్కన 40,500 డీజిలుకే పోతుంది. టోల్ కూడా తక్కువేం కాదు, 2008 నాటి ఫీజు రూల్స్‌లో కారుకి కిలోమీటరుకి 65 పైసలు బేస్ రేటు పెడితే 4 నుంచి 6 యాక్సిళ్ల బండికి 3 రూపాయల 45 పైసలు పెట్టారు, ఆ పైన ఏటా పెరుగుతూ వచ్చింది. జబల్‌పూర్ నుంచి లఖ్నాదోన్ వచ్చి 44 నంబరు హైవే ఎక్కితే సివనీ, నాగ్‌పూర్, ఆదిలాబాద్, హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా దేవనహళ్లి దాకా అదే రోడ్డు, కాబట్టి టోల్‌గేట్లు తప్పించుకునే దారి వెతకొద్దు. వీటి మీద డ్రైవర్ బత్తా, ఓనర్ మిగులు.

అసలు దెబ్బ ఖాళీ రిటర్న్ దగ్గర పడుతుంది. బండి మీ కోసమే ఇక్కడ్నుంచి ఖాళీగా వెళ్లి రావాలంటే పైన చెప్పిన డీజిలు, టోలు, బత్తా అన్నీ రెండింతలు. అందుకే నేనైతే ఆ వైపు లోడు దింపి తిరిగొచ్చే లోబెడ్ కోసం చూస్తా. మన కేజీఎఫ్‌లో బెమెల్ వాళ్లు డోజర్లు, ఎక్స్‌కవేటర్లు చేస్తారు, బొగ్గు గనులు మధ్యప్రదేశ్‌లో సింగ్రౌలీ వైపు ఉన్నాయి. అలాంటి మిషన్లు మోసే లోబెడ్ ఓనర్లకి వచ్చేటప్పుడు లోడు దొరకడమే కష్టం. ఫలానా తారీఖే కావాలని పట్టుబట్టకుండా ఒకటి రెండు వారాలు ఆగగలను అని చెప్పండి, రేటు మాట్లాడే తీరే మారిపోతుంది.

ఇంకొకటి, డిపో గేటు. వేలంలో సరుకు ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే అనే షరతు మీద అమ్ముతారు, అంటే లోడింగ్ మీ పని, హైడ్రా (క్రేన్) బాడుగ మీదే. గేట్ పాస్ రాకముందే లోబెడ్ తెప్పించారంటే రోజుకింత అని హాల్టింగ్ చార్జీ మీటరు తిరుగుతూనే ఉంటుంది. డబ్బు కట్టి, డెలివరీ ఆర్డర్ చేతికొచ్చి, బండి నంబరు, డ్రైవర్ కాగితాలు లోపల ఓకే అయ్యాకే బండి పిలిపించండి. అలాగని ఆలస్యం చేసినా గడువు దాటితే గ్రౌండ్ రెంట్ (జాగా అద్దె) వేస్తారు, వేలం షరతుల్లో ఆ పేజీ తప్పకుండా చదవండి.

లోడయ్యాక గొలుసులు ఎలా వేశారో మీ మనిషి దగ్గరుండి చూడాలి. చాసిస్‌కి మాత్రమే కట్టి వదిలేస్తే స్ప్రింగులు ఊగినప్పుడల్లా గొలుసు లూజవుతుంది, యాక్సిళ్లకి వేసి టర్న్‌బకిల్ (గొలుసు బిగించే మర) బిగించి చక్రాలకి చెక్క దిమ్మలు కొట్టాలి, మొదటి యాభై కిలోమీటర్లకే ఆపి మళ్లీ బిగించాలి. బండి విలువ ఎల్ఆర్‌లో, అంటే ట్రాన్స్‌పోర్ట్ వాళ్లిచ్చే లారీ రసీదులో రాయించండి, రాయించకపోతే ఏదైనా జరిగినప్పుడు ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల బాధ్యత కట్టిన బాడుగకి పది రెట్ల దగ్గరే ఆగిపోతుంది, 2011 రూల్స్ అలాగే ఉన్నాయి. ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ విడిగా తీస్కోండి. ఇక మీ పొలం దారిలో లోబెడ్ తిరగదేమో ముందే చూస్కోండి, హైవే పక్కన దింపి అక్కడ్నుంచి లాగించాలంటే ఇంకో హైడ్రా.

ప్రశ్న: మా బావ పాత శక్తిమాన్ ఆర్మీ లారీ కొంటానంటున్నాడు. ఇంజిన్ స్టార్ట్ అవుతుందట, నడుపుకుంటూ వస్తే బాడుగ మొత్తం మిగులుతుంది కదా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: వద్దమ్మా, దయచేసి మీ బావగారిని ఆపండి. శక్తిమాన్ తయారీ 1996లోనే ఆగిపోయింది, అంటే అన్నిటికన్నా కొత్త బండికి కూడా ఆ వయసుంటుంది. ఏళ్ల తరబడి ఎండలో నిలబడిన టైరు పక్కగోడలు చేత్తో వంచి చూస్తే పగుళ్లు కనిపిస్తాయి, బ్రేకుల్లో రబ్బర్లూ అంతే గట్టిపడిపోయి ఉంటాయి. ఆర్మీ నంబరు పోయింది, సివిల్ ఆర్‌సీ ఇంకా లేదు, ఇన్సూరెన్స్ లేదు, దారిలో ఎవరికైనా తగిలితే ఆ కుటుంబానికి ఎవరు కడతారు? ఇంకో బండికి కట్టి లాగించినా ఫోర్ వీల్ డ్రైవ్ కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్టులు (చక్రాల వైపు తిరిగే పొడవాటి కడ్డీలు) విప్పకపోతే ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ముందు వెనక చక్రాలకి ఇంజిన్ బలం పంచే గేర్ల పెట్టె ఆయిల్ అందక పాడైపోతుంది, అంత దూరానికి అదీ పనికిరాదు.

కొనేముందు ఇంకో మాట. కొన్ని లాట్లు తుక్కు కిందే అమ్ముతారు, రిజిస్ట్రేషన్ అవ్వదు. కేటలాగ్‌లో ఆ లైను చూడకుండా పాడొద్దని చెప్పండి. రిజిస్ట్రేషన్ అయ్యేదైనా ఆ ఆలివ్ గ్రీన్ రంగు మార్చాల్సిందే, అది డిఫెన్స్ బండ్లకి మాత్రమే.

ప్రశ్న: రైల్లో వేయించుకోలేమా?
– ఒక పాఠకుడు, కేఆర్ పురం

జవాబు: లారీలని రైలెక్కించే రోరో సర్వీసు కొంకణ్ రైల్వేలో 1999 నుంచి ఉంది, మన నేలమంగళ నుంచి షోలాపూర్ దగ్గర బాలే దాకా 2020 ఆగస్టులో ఒకటి మొదలుపెట్టారు. కానీ అవి లోడుతో, డ్రైవర్‌తో నడిచే లారీల కోసం, వాటి దారుల్లోనే తిరుగుతాయి, జబల్‌పూర్ దారి వాటిలో లేదు. ఒక్క బండికి లోబెడ్డే దిక్కు. ఒకే డిపోలో ఇద్దరు ముగ్గురు కలిసి కొంటే లోబెడ్ ఓనర్‌తో రెండు మూడు ట్రిప్పులకి కలిపి మాట్లాడుకోవచ్చు, రేటు అక్కడ తగ్గుతుంది.