చిట్టా చివరి పేజీలు

కౌన్సెలింగ్‌కు ఆరు నెలలు వెళ్లినా మనసులో ఏం జరుగుతోందో మీకే అంతుపట్టడం లేదని, ఇంకేం చేయవచ్చని అడిగారు. మూడేళ్ల కిందట నాదీ అదే స్థితి. మందులతో నిద్ర పట్టింది, దానికి వంక పెట్టను. కానీ ‘ఎలా ఉంది?’ అని కౌన్సెలర్ అడిగితే ‘పరవాలేదండీ’ అనడం తప్ప నాకు నోరు పెగిలేది కాదు.

మాది తిరుపతిలో చిన్న కిరాణా కొట్టు. నాన్న కాలం నుంచీ రాత్రి చిట్టా రాశాకే షట్టరు దించుతాం. ఒకరోజు లెక్క తేలక విసుగెత్తి, చివరి పేజీకి తిప్పి నా లెక్క రాసుకున్నాను. ఎన్ని గంటలకు గుండె బరువెక్కింది, అంతకుముందు ఏం జరిగింది, ఎవరితో మాట్లాడాను, అంతే. రెండు నెలల తర్వాత చూసుకుంటే చెడ్డ రాత్రులు చాలావరకు ఆదివారాలే. ఆదివారం బెంగళూరు నుంచి అన్నయ్య ఫోన్ చేసి, ఇల్లు ఎప్పుడు అమ్ముదామంటాడు. ‘నీ ఇష్టం అన్నయ్యా’ అంటాను. అమ్మను చివరిదాకా చూసుకున్న ఇల్లు అది. ఇన్నాళ్లూ దిగులనుకుని మోసింది కోపమని అప్పుడు తెలిసింది.

ఆ కోపాన్నీ రాయడం మొదలుపెట్టాక మొదటి వారం ఇంకా పాడుగా గడిచింది. అది మామూలేనట. 1986లో జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికా మనస్తత్వవేత్త విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు తమ మనసుకు తగిలిన దెబ్బల గురించి రాయించారు. జరిగిందీ, అనిపించిందీ కలిపి రాసినవారు రాసిన వెంటనే మరింత కలత పడ్డారు. తర్వాతి నెలల్లో మాత్రం ఆరోగ్య కేంద్రానికి తక్కువగా వెళ్లారు.

నాకు పనికివచ్చిన రెండోది తిరుమల కొండకు నడిచి ఎక్కే శ్రీవారి మెట్టు దారి. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, కొండ కిందే పుట్టి నేను మెట్లెక్కింది రెండుసార్లే. ఇప్పుడు సోమవారం పొద్దున్నే శ్రీనివాసమంగాపురం వైపు నుంచి ఒక మిత్రుడితో ఎక్కుతాను. 2,388 మెట్లు. మొక్కేమీ లేదు. పక్కపక్కన ఎక్కుతుంటే ముఖాలు చూసుకోనక్కర్లేదు, ఆయాసంలో అబద్ధమాడే ఓపికా ఉండదు. అన్నయ్య మీద కోపంగా ఉందని మొదట పైకి అన్నది అక్కడే. ఆ తర్వాత చిట్టా పట్టుకుని కౌన్సెలర్ దగ్గరికి వెళితే నలభై నిమిషాలు చాలలేదు.

అందుకే కౌన్సెలింగ్ మానేయమనను, మందులైతే మీ అంతట మీరు అసలు ఆపకండి. చచ్చిపోవాలనిపించే రాత్రి పుస్తకాలూ మెట్లూ పక్కనపెట్టి 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ. ఉచితం, ఏ వేళనైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

అన్నయ్యకు కిందటి ఉగాదికి చెప్పాను, ఇప్పుడే అమ్మడం నాకిష్టం లేదని. కాసేపు మౌనంగా ఉండి, ‘ముందే చెప్పవచ్చు కదరా’ అన్నాడు. ఇంటి సంగతి ఇంకా తేలలేదు. ఆదివారం ఫోన్ మాత్రం నేనే చేస్తున్నాను.